సులేమానీ అయిపోయేదాకా

రాజక్కకు తమ్ముడు గంగారాం దండాలు. నువ్వూ, నా మేనకోడలు మమత, మీ అత్తమ్మ అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను. నా గురించి రంది పెట్టుకోకు.

ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. మన ఊరి మల్లేశం సెలవు మీద వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. చింపేసే ముందు ఒక్కసారి మమతతో చదివించుకో.

ఇక్కడ జెబెల్ అలీలో ఉక్కపోత ఇంకా తగ్గలేదు. పొద్దున కంపెనీ బస్సు ఎక్కేసరికే చొక్కా తడిసిపోతుంది. గుడారాలు, టార్పాలిన్లు కుట్టే పనే. మెస్‌లో రోజూ అదే పప్పు, అదే ఖుబ్బూస్ రొట్టె. గదిలో అందరూ ఇళ్లకు ఫోన్లు చేసుకుంటుంటే నేను గోడవైపు తిరిగి పడుకుంటాను.

మల్లేశం ఇంటికి పంపిన వీడియోలో నేను మందు పేలుస్తున్నానని కదా నీ కోపం. బావ పోయినప్పుడు పేలుడు మందు జోలికి పోనని నీ నెత్తి మీద చేయిపెట్టి ఒట్టేశాను, మరిచిపోలేదు. ఆ వీడియో తీసిన చోట జరిగేది చెబుతాను, విను.

మస్తాన్ సాబ్ అని నెల్లూరాయన, ఇక్కడ ఇంజనీరు. ఆయనా, స్నేహితులూ సరదా కొద్దీ, అనుమతి తీసుకుని, ఎడారిలో మనిషెత్తు రాకెట్లు ఎగరేస్తారు. పైకి పోయింది ఎవరి నెత్తినా పడకుండా పారాచూట్‌తో దిగాలి. ఆ పారాచూట్లు కుట్టేది, మడత పెట్టేది నేనే. అది తెరుచుకుంటుందో లేదో ఎగరేయకముందే నేల మీద చూసుకుంటారు. రాకెట్‌ను చెక్క స్టాండు మీద పడుకోబెట్టి, లోపల చిటికెడు మందు పెట్టి, దూరం నుంచి వైరుతో పేలుస్తారు. ముందరి మూత ఊడి పారాచూట్ బయటికి రావాలి. మందు తక్కువైతే మూత కదలదు, ఎక్కువైతే నా కుట్లు తెగుతాయి. మందు పెట్టేది సాబే. నేను ముట్టుకోను.

పోయిన సెలవు రోజు సాబ్ స్విచ్ నొక్కితే చప్పుడే లేదు. మళ్లీ నొక్కినా లేదు. మడత మరీ గట్టిగా పెట్టానేమో, వైరు ఊడిందేమో అనుకున్నాను. అనుకునేలోపే లేచి అటు నడుస్తున్నాను. సాబ్ వెనక నుంచి చొక్కా పట్టి లాగాడు.

“యాడికి పోతుండావు?”

“ఏమైందో సూసొస్త సాబ్. మడత పెట్టింది నేనే గద.”

“ఎవురు పెడితే ఏంది? ముందు కూచో.”

బ్యాటరీ తీసి జేబులో వేసుకుని, ఫ్లాస్కులోంచి అందరికీ సులేమానీ పోశాడు. పాలు లేని చాయ్ అది. “ఇది అయిపోయిందాకా ఎవురూ లేసేది లేదు. నేనైనా అంతే,” అన్నాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.

బావ వాళ్లకూ ఇలాంటి కట్టుబాటే ఉండేది, గుర్తుందా? బావిలో బండ పగలగొట్టేటప్పుడు పెట్టిన మందు ఎక్కడైనా పేలకపోతే, ఒడ్డున కూర్చుని చుట్ట పూర్తిగా కాల్చాకే దిగాలి. బావ పోయిన రోజు ఒడ్డు మీద సగం కాలిన చుట్ట దొరికింది. అప్పటి నుంచి గడప తొక్కిన ప్రతివాళ్లనూ అడుగుతున్నావు, “జరసేపు ఆగితే ఏం పోతుండె ఆయనకు? పెండ్లాం, పిల్ల యాదికి రాలేదా?” అని.

యాదికి రాదక్కా. ఆ క్షణంలో నాకు నువ్వు గుర్తు రాలేదు, మమత గుర్తు రాలేదు, ఒట్టు కూడా గుర్తు రాలేదు. చేసిన పని ఎక్కడ చెడిందో చూడాలని కాలు దానంతటదే లేచింది. బావకూ అట్లాగే లేచి ఉంటుంది. మీ మీద ప్రేమ లేక దిగలేదు. తోటి పనివాడు ఆ పూట తాగునీళ్లకు పోయాడు. చొక్కా పట్టి లాగడానికి ఒడ్డున ఎవరూ లేరు.

చాయ్ అయ్యాక చూస్తే వైరు లోపల తెగి ఉంది. కొత్తది వేసి పేల్చారు. మూత ఎగిరిపోయి, నారింజ రంగు గుడ్డ ఇసుక మీద బారుగా పరుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఏడుపొచ్చింది. సాబ్ ఇంకో గ్లాసు చాయ్ పోశాడు.

మిగిలిన గుడ్డతో మమతకు బడి సంచి కుట్టి పంపుతున్నాను. మల్లేశం తిరిగి వచ్చేటప్పుడు కొంచెం నువ్వుల పొడి ఇచ్చి పంపు. వచ్చే సెలవుకు రాకెట్ ఎగరేస్తారట, నన్నూ రమ్మన్నారు. నువ్వు వద్దంటే పోను, పారాచూట్ కుట్టి ఇచ్చి ఊరుకుంటాను. ఆ వద్దనే మాట మాత్రం ఫోన్‌లో నీ నోటితో చెప్పాలి.

అత్తమ్మకు నా దండాలు చెప్పు. మమతకు ముద్దులు. నీ దీవెన ఉంటే చాలు నాకు. బావ ఫోటో ముందు దీపం పెట్టేటప్పుడు, ఇక ఆయన్ను తిట్టకక్కా.

నీ తమ్ముడు,
గంగారాం