పడవ పాటలో నా కసురు

గురువారం, 2008

నా పడవ పాటను ఏలూరు కాలేజీ కంప్యూటర్లో దాచారని మా ఇంటికొచ్చి దాన్ని రికార్డు చేసుకున్న లెక్చరరమ్మ పిలిస్తే మా ఆవిడను కూడా తీసుకువెళ్లాను. పెద్ద చదువులవాళ్ల పరిశోధనలు, పిల్లలు రాసిన కథలు, వేసిన బొమ్మలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటి పక్కన నా పాట. లోలోపల పొంగిపోయాను.

పాట పెట్టారు. రికార్డు చేసిన రోజు మా ఇంట్లో పాడుతూ ఒక చరణం మరిచిపోయి ఆగాను. వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. వెంటనే నా గొంతు: "నువ్వూరుకోవే. నిన్నెవరడిగారు?"

గదిలో ఉన్న కాలేజీ పిల్లలు నవ్వారు. నేను తల ఎత్తలేకపోయాను.

"ఆ మాట తీసెయ్యండమ్మా," అన్నాను మెల్లగా.

"రెండు గొంతులూ కలిసిపోయాయండీ తాతగారూ. తీస్తే మామ్మగారి పాట కూడా పోతుంది," అంది లెక్చరరమ్మ.

మా ఆవిడ చెంగు సర్దుకుంది. "ఉంచండమ్మా. ఆ కసురు నాకు రోజూ ఉండేదే. నేను పాడింది మాత్రం అక్కడే ఉంది."

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆ చరణం చివరిదాకా వినాలని ఉంది. పాడమని అడగడానికి నాకు ముఖం చెల్లడం లేదు...