గిలక లేని పాము

తమ్ముడు ఆర్లిస్‌కు,

ఫోనులో అయితే నోటికొచ్చినట్టు తిడతాను, అందుకని రాస్తున్నాను.

మంగళవారం నువ్వు ఫోన్ చేసి, "అక్కా, కోళ్ళగూట్లో గిలకపాము దూరింది. తొట్టి బోర్లించాను, వచ్చి పట్టుకెళ్ళు. చాలా మంచిది, కిక్కురుమనడం లేదు" అన్నావు. వచ్చాను. పట్టుకర్రతో ఎత్తి, మూత బకెట్లో వేసి, ఎప్పటిలాగే దగ్గర్లోని ఎర్రబండల్లో వదిలాను. దూరం తీసుకెళ్తే దారి తెలియక చస్తాయి. మనిషి దగ్గరికొస్తే హెచ్చరికగా మోగాల్సిన తోక గిలక మోగకపోతే, బెదిరి బిగుసుకుపోయి ఉంటుందనుకున్నాను. ముప్పై ఏళ్ళుగా పాములు పడుతున్నదాన్ని, తోక చూడలేదు. నాదీ తప్పే.

శనివారం డాన్సులో నువ్వు ఫిడేలు ఊపితే లోపల గిలక గలగలమంది. "తాజా సరుకు! తాత ఫిడేలులో ఉన్నదానికంటే పెద్దది!" అని అందరి ముందూ గొప్పలు పోయావు. నాకు ఫోన్ చేసే ముందే ఆ పాము గిలక కోశావన్నమాట. ఫిడేలులో గిలక వేస్తే నాదం బాగుంటుందని తాత అన్న మాట నిజమే. బతికున్న పాముది కోయమన్నాడా? రోడ్డు మీద చచ్చినవి నాకు వారానికొకటి దొరుకుతాయి. అడిగితే ఇవ్వనా?

మూడు రోజులుగా ఆ బండల్లో వెతుకుతున్నాను. చప్పుడు చేయలేని పామును ఎక్కడని పట్టుకోను?

నీ కూతురు నెల్ రోజూ ఆ బండల మీదుగానే స్కూలు బస్సుకు వెళ్తుంది. "గిలక మోగితే అక్కడే ఆగిపో" అని దానికి నేర్పింది నేనే. ఇప్పుడేం చెప్పాలో నువ్వే చెప్పు.

నీ అక్క