నోరు తెరిచిన ఆల్చిప్పలు

అక్కా,

నీ కోపం తగ్గిందో లేదో తెలీక భయపడుతూనే రాస్తున్నాను. ఈ గుడారం దగ్గర ఫోను పలకదు. సరుకులు తెచ్చే వ్యాను డ్రైవరే మనకి పోస్ట్‌మ్యాన్.

"ఇంకా ఆ బురదలో చిప్పలేరుకుంటున్నావా" అని అడిగావు కదా. ఏరుకుంటున్నాను. నడుం లోతు నీళ్ళలో నిలబడి, కాళ్ళతో తడిమి, ఆల్చిప్పని పైకి తీసి, కొలిచి, మళ్ళీ ఉన్నచోటే పెట్టేస్తాను. ఇవి ఎక్కడికీ పోవు. బురదలో కూరుకుని రోజంతా నది నీళ్ళని పీల్చి, వడకట్టి వదులుతాయి. అందుకే నీళ్ళకేం జరిగినా ముందు వీటికే జరుగుతుంది. ఈసారి నాకు దొరికినవన్నీ ముసలివే. పిల్ల చిప్ప ఒక్కటీ లేదు. ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఉయ్యాల లేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎగువన ఎరువుల గోదాము వెనక నీళ్ళ మీద నాచు చాపలా పరుచుకుంది. ఎందుకో మనసు కీడు శంకిస్తోంది.

బావ పనిచేసే నీటి సరఫరా స్టేషన్లో నేను పెట్టించిన తొట్టి మీద నీకు కోపం. నది నీళ్ళు ఊరి కుళాయిల్లోకి వెళ్ళేముందు ఆ తొట్టిలోంచి పోతాయి, అందులో ఎనిమిది ఆల్చిప్పలుంటాయి. నీళ్ళు తేడాగా ఉంటే అవి నోరు మూసుకుంటాయి. వాటి వీపున అతికించిన తీగలు బెల్లు మోగిస్తాయి. బావ సరఫరా ఆపేస్తాడు. ఆపిన ప్రతిసారీ జనం ఆయన్ని తిట్టారు, నువ్వు నన్ను తిట్టావు. "పాప పుడితే చూడ్డానికి నువ్వు రాలేదు, నీ బెల్లు మాత్రం రోజూ వచ్చింది" అన్నావు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఈ పని కాగానే వచ్చి పాప బట్టలన్నీ నేనే ఉతుకుతాను. అప్పుడైనా క్షమిస్తావా? బెల్లు ఈ మధ్య మోగుతోందో లేదో కూడా రాయి.

నీ బురదమ్మ

*

బురదమ్మగారికి,

క్షమించడం సంగతి తర్వాత, ముందు బట్టలు ఉతుకు. నువ్వు గిల్లి జోల పాడే రకానివని అమ్మ ఊరికే అనలేదు. ఊరికి నీళ్ళాపే బెల్లు పెట్టించిందీ నువ్వే, ఇంత తియ్యటి ఉత్తరం రాసిందీ నువ్వే!

సరే, శుభవార్త. రెండు వారాలుగా నీ బెల్లు కిక్కురుమనలేదు. నీళ్ళు ఒక్క పూట ఆగలేదు. మొన్నటిదాకా ముఖం తిప్పుకున్న కింది వాటా ఆవిడ పిలిచి మరీ కాఫీ ఇచ్చింది. తొట్టి పైన బోర్డులో ఎనిమిది పచ్చ లైట్లూ వెలుగుతూనే ఉన్నాయట. "చిప్పలన్నీ నోరు తెరిచి నవ్వుతున్నాయి, మీ చెల్లికి రాయి" అంటున్నాడు మీ బావ. పైవాళ్ళు మెచ్చుకుని మీటింగుకి రమ్మన్నారు, ఎల్లుండి ప్రయాణం. కొత్త చొక్కా కూడా కొన్నాం. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే.

ఇంకో వింత విను. పాప గొంతుకి భయపడి అపార్టుమెంటంతా దాన్ని సైరన్ అని పిలిచేవాళ్ళు కదా. నాకు పాలు చాలక డబ్బా పాలు పడుతున్నాను. కుళాయి నీళ్ళే, కానీ బాగా మరగకాచి కలుపుతాను. ఆ పాలు పడ్డాయేమో, వారం నుంచి దానికి ఎంత బుద్ధొచ్చిందో! ఏడుపే లేదు. పాలకి కూడా నేనే లేపాలి. దాని నిద్ర చెడకూడదని ఫోను నోరు నొక్కి బీరువాలో పడేశాను. చలికేమో పెదాలు కాస్త నీలంగా ఉంటున్నాయి, ఇంకో దుప్పటి కప్పాను. నీ చిప్పలకీ నా కూతురికీ ఒక్కసారే బుద్ధొచ్చింది చూడు. నోరు తెరుచుకుని పడుకుంటే ఎంత ముద్దుగా ఉంటుందో, వచ్చి చూసుకో.

నీ అక్క

*

అక్కా,

కూర్చోకు. పాపని ఎత్తుకుని, నిలబడే చదువు.

గోదాములోంచి ఎరువు కారి నదిలో కలుస్తోందని నిన్ననే నా పరీక్షలో తేలింది. తొట్టి ఉంది కదా, బెల్లు మోగే ఉంటుంది, నీళ్ళు ఆగే ఉంటాయి అనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. చదివి అదే వ్యానెక్కి స్టేషన్‌కి వచ్చాను. బావ మీటింగుకి వెళ్ళిపోయాడు. తొట్టి మూత తియ్యగానే గుప్పున వాసన కొట్టింది. ఎనిమిదీ నోరు తెరుచుకునే ఉన్నాయి. బతికున్న చిప్ప నీడ పడినా మూసుకుంటుంది. ఒక్కటైనా మూసుకోకపోతుందా అని అన్నిట్లోనూ వేలు పెట్టి చూశాను. అన్నాళ్ళూ మూసుకుని బెల్లు మోగించి, చివరికి చచ్చిపోయాయి. చచ్చిన చిప్పకి నోరు మూసుకునే బలం ఉండదక్కా. మూసుకుంటేనే మోగే బెల్లు ఇంకెలా మోగుతుంది?

ఆ నీళ్ళకి రంగుండదు. పెద్దవాళ్ళం తట్టుకుంటాం. ఎరువులోని నైట్రేటు పసిపిల్లల రక్తంలో మాత్రం ఊపిరి నిలవనివ్వదు. పెదాలు నీలమైంది చలికి కాదు. కాచితే పోదు, ఇంకా చిక్కబడుతుంది. నువ్వు ఎంత ప్రేమగా కాచి ఉంటావో!

బావ చెప్పందే సరఫరా ఆపనంటున్నాడు ఇక్కడి ఆపరేటరు. బావ ఫోను కలవడం లేదు, నువ్వేమో ఎత్తడం లేదు. ఆపేదాకా నేను కదలను. డ్రైవరు నోటిమాటకి నువ్వు కదలవు, నా చేతిరాతకైతే కదులుతావు. ఆ పాలసీసా పారెయ్యి. వ్యాను కిందే ఉంది, ఆస్పత్రికి వెళ్ళి ఈ కాగితం డాక్టరుకి చూపించు. దార్లో దాన్ని నిద్రపోనివ్వకు. గిల్లు అక్కా. ఏడ్చేదాకా గిల్లు. జోల పాడకు.

నీ చెల్లి

*

చెల్లీ,

గిల్లాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి కళ్ళు తెరిచి, ఎందుకమ్మా అన్నట్టు చూసింది. దారంతా డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, నేను గిల్లుతూనే ఉన్నాను. తొడ కందిపోయింది. ఆస్పత్రి మెట్ల మీద ఏడ్చింది, పిల్లికూనలా, వినపడీ వినపడకుండా. ఆ ఏడుపు విని నేను అందరి ముందూ పకపకా నవ్వాను. రక్తం తీస్తే గోధుమ రంగులో ఉంది. మందు ఎక్కిస్తున్నారు. బతుకుతుందంటున్నారు గానీ గట్టిగా అనడం లేదు.

ఇది మందుల చీటీ వెనక రాస్తున్నాను, డ్రైవరు నీకిస్తాడు. పిల్లల వార్డు బయట బెంచీ మీద ఉన్నాను. ఇంకా నలుగురు తల్లులు టీకాలకి వచ్చారు. నలుగురి ఒళ్ళోనూ పసిపిల్లలే. "మా వాడు బంగారం, ఈ మధ్య ఏడుపే ఎరగడు" అంటోంది పక్కావిడ. ఇంతమంది పిల్లలున్న చోట ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, గిల్లి చూడమని చెబుతున్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తున్నారు.

నీళ్ళు ఆగాయా? బెల్లు మోగించు చెల్లీ. చిప్పలు లేకపోతే నీ చేత్తో కొట్టు. మీ బావనీ నన్నూ ఊరంతా తిట్టుకోనీ. ఆపకుండా కొట్టు.

నీ అక్క