అరవని బాతుకు కషాయం

బళేపేట, బెంగళూరు
ఆగస్టు 1944

పూజ్యులైన మామ చిక్కమునియప్ప గారికి మేనల్లుడు జయరామప్ప నమస్కారాలు. ఇక్కడంతా క్షేమం, ఒక బాతు తప్ప.

మీరు పంపిన రెండు బాతుల్లో ఒకటి "బ్యాక్ బ్యాక్" అని వీధంతా లేపుతోంది. రెండోదానికి గొంతే రావడం లేదు. జలుబు చేసిన ముసలాయనలా "హస్... హస్" అంటోంది. మిరియాల కషాయం పట్టాను. గుణం లేదు.

ఇంటి యజమానురాలు సుబ్బలక్ష్మమ్మ కొడుకు ఆంజనేయులు గరడిలో కుస్తీ పడతాడు. "పెరట్లో బాతుల్ని పెట్టుకో అప్పా, దినామూ నా కొడుక్కి గుడ్డు ఇయ్యల్ల. నెలలోపల రాలేదంటే మనె ఖాళీ చెయ్యి" అందామె. ఈ యుద్ధకాలంలో బెంగళూరులో ఇల్లు దొరకడమంటే మాటలా?

మీ విధేయుడు,
జయరామప్ప

తా.క. కషాయం సగం బాతు తాగింది, సగం నా ఆఫీసు కోటు తాగింది.

వర్తూరు

చిరంజీవి జయరామప్పకు దీవెనలు.

నువ్వు మెట్రిక్ పాసైనప్పుడు ఊరంతా బెల్లం పంచాను. ఆ బెల్లం తిరిగొస్తే బాగుండును. కోళ్ళగూటిలో కూసేదెవరు? పుంజు. బాతుల్లోనూ అంతే. నోరు మూసుకుని ఉండేది పెట్ట నాయనా! అరిచేదాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యి. బస్సులో ఇంకో మూగదాన్ని పంపుతున్నాను. మీ ఇంటి యజమానురాలిని గుడ్లకు బుట్ట పట్టుకుని నిలబడమను.

ఇట్లు,
చిక్కమునియప్ప

తా.క. మిగిలిన కషాయం పారబొయ్యకు. నువ్వు తాగు.

బళేపేట

మామ గారికి నమస్కారాలు.

అరిచేదాన్ని పక్కింటి అక్కయమ్మకు ఊరికే ఇచ్చేశాను. మూగవి రెండూ తవుడు మేసి, ఒకదాన్నొకటి చూసుకుని హస్ హస్ అంటున్నాయి. గుడ్డు లేదు. ఆంజనేయులు పొద్దున్నే లంగోటీతో, పచ్చిగుడ్డు కొట్టుకుని తాగడానికి చేతిలో లోటాతో పెరట్లో నిలబడుతున్నాడు. మా ఆవిడ పద్మావతి తలుపు తీయడం మానేసింది. నెలాఖరు దగ్గరపడుతోంది. నాకు భయంగా ఉంది మామా.

జయరామప్ప

తా.క. మీరు పుంజని తేల్చిన బాతు అక్కయమ్మ ఇంట్లో వరసగా గుడ్లు పెడుతోంది. పుంజుకు ఇది ఎన్నో కాన్పో కనుక్కుని రాయండి.

వర్తూరు

చిరంజీవి జయరామప్పకు,

అక్కయమ్మ అంగట్లో గుడ్లు కొని బాతు కింద పెట్టి నీకు చూపిస్తోంది. నా మాట మీద నాకే అనుమానం లేనప్పుడు నీకెందుకు? నా మందలో అరిచేవాటినన్నిటినీ సర్జాపుర సంతలో అమ్మేశాను. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!

చిక్కమునియప్ప

తా.క. ఇక్కడా గుడ్లు ఆగిపోయాయి. వానల వల్ల అయ్యుంటుంది.

బళేపేట

మామ గారికి, ఈసారి నమస్కారాలు ఎదురుగానే చెబుతాను.

ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. మా ఇంట్లోకి అక్కయమ్మ వస్తోంది, గుడ్లు పెట్టే పుంజుతో సహా. ఆదివారం బస్సుకు నేను, పద్మావతి, పిల్లలు, మీ మూగపెట్టలు వర్తూరు వస్తున్నాం. ఒక గది చూసిపెట్టండి.

జయరామప్ప

తా.క. అక్కయమ్మ మీకు ప్రత్యేకంగా దండాలు చెప్పమంది.

సర్జాపుర సత్రం

నాయనా జయరామా,

నీ ఉత్తరం అందేసరికి నేను మూట కట్టుకుని నీ ఇంటికే బయలుదేరుతున్నాను. అక్కడా ఇల్లు లేదని తెలిసి ఈ సత్రంలో దిగాను. బాతుల్లో అరిచేది పెట్ట, బొంగురుగొంతుది పుంజు అని మీ అత్త భాగీరథమ్మకు సంతలో ఎవరో చెప్పారు. "గుడ్లు పెట్టేటివన్నీ అమ్మేసి పుంజుల్ని మేపుతా ఉండావా? అరిచే బాతు దొరికేదాకా గడప తొక్కొద్దు" అంది. మీరు నిర్భయంగా వెళ్ళండి. గది ఖాళీగానే ఉంది, అది నాదే. బయలుదేరే ముందు మాత్రం అక్కయమ్మ కాళ్ళు పట్టుకుని ఆ బాతును అడుగు. నా సంసారం దాని గొంతులో ఉంది.

నీ అభాగ్యపు మామ

తా.క. బతిమాలి బతిమాలి నా గొంతు బొంగురుపోయింది. మీ అత్త గొంతు చెరువు అవతలి గట్టు దాకా వినిపించింది. ఇన్నేళ్ళు కాపురం చేసీ ఏది పెట్టో నాకు తట్టకపోవడమే విచిత్రం.