దాసమ్మ పెట్టిన నెమరు

రాఘవేంద్ర సారుకు నమస్కారాలు.

మేత మింగిన గొర్రె దాన్ని మళ్లీ నోట్లోకి తెచ్చుకుని నమిలినట్టే మనిషీ ఆలోచిస్తాడని, అందుకే దాన్ని నెమరువేయడం అంటారని మీరు క్లాసులో చెప్పారు. పశువుల డాక్టర్నయినా ఆ మాటకు అర్థం నిన్నే తెలిసింది.

ఆమడగూరులో గొర్రెలు కాసే దాసమ్మ గొర్రె ఒకటి మూడు రోజులుగా నెమరు వేయలేదు. నా మందులు పనిచేయలేదు. నిన్న ఆమె, బాగున్న ఇంకో గొర్రె నోట్లోంచి నెమరు ముద్ద తీసి దీని నోట్లో పెట్టింది.

"నెమరెయ్యేది మరిచిపోయిండాది డాక్టరమ్మా. ఇంగోదాని నోటిది పెడితే గెవనమొస్తాది" అనింది.

సాయంత్రానికి దాని దవడలు కదిలాయి. నాకు మీరే గుర్తొచ్చారు.

ఈ మరుపు జబ్బు వచ్చాక మీరు నాకు పద్యం చెబుతూ మధ్యలో ఆగి, "యాడికో పాయ తల్లీ" అని కళ్లు తుడుచుకున్నారు. ఆదివారం ధర్మవరం వస్తున్నాను సార్. ఆ పద్యం నాకింకా నోటికి వచ్చు.

మీ శిష్యురాలు