బ్లేడుతో గీకిన చుక్క

అన్నయ్యా,

నీ పాత డైరీ కోసం ఇల్లంతా వెతక్కు, నా దగ్గరే ఉంది. అడిగితే ఒంటరిగా ఎక్కడికని కేకలేస్తావని చెప్పకుండా వచ్చేశాను.

మ్యాపుల ఆఫీసులో ఉన్నప్పుడు సముద్రం మధ్యలో నువ్వొక చుక్క పెట్టావు. అక్కడేమీ లేదని మీ పై అధికారి అందరి ముందూ కడిగేస్తే, "పెన్ను కారింది సార్" అని నువ్వే దాన్ని బ్లేడుతో గీకేశావు. పాడైందని ఆ మ్యాపు నీకే ఇచ్చేశారు. అప్పటినుంచి ఇంట్లో నీ పేరు 'ఇంకు మరక'. ఆ పేరు పెట్టింది నేనే.

డైరీలో నువ్వు రాసుకున్న అక్షాంశం, రేఖాంశం చూపిస్తే పడవాయన తిన్నగా ఇక్కడికి తెచ్చి దింపాడు. ఈ దీవి పేరేమిటని అడిగాను.

"పేరెందుకమ్మా? ఈ చుట్టుపక్కల ఇంకోటి ఉంటే గదా" అన్నాడు.

గంటలో చుట్టి రావచ్చు, కానీ నాకు పూట పట్టింది. ఇక్కడి పక్షులు మనిషిని ఎరగవు కాబోలు, ఒకటి వచ్చి నా చెప్పు మీద కూర్చుంది. అది లేచేదాకా నేను కదల్లేదు. మధ్యలో ఉన్న దిబ్బ ఎక్కితే ఒకవైపు వాన, ఒకవైపు ఎండ. నా ఎడమ భుజం తడిసింది, కుడి భుజం తడవలేదు.

ఆ మ్యాపు నీ బీరువా అడుగునే ఉందిగా, బయటికి తియ్యి. గీకినచోట కాగితం పల్చబడి ఉంటుంది, చెయ్యి తేలిగ్గా ఆనించి మళ్ళీ చుక్క పెట్టు.

నీ పెన్ను కారలేదు అన్నయ్యా.

చుక్క మీద నుంచి,
నీ చెల్లెలు