చాటుగా తాగిన నీళ్లు

ఏవండీ,

మొన్న మీ సంవత్సరీకం పెట్టాం. నిన్న ఎండకి కళ్లు తిరిగి పడిపోయాను. అమ్మాయి ఏలూరు ఆసుపత్రికి తీసుకెళ్లింది. "ఒంట్లో నీరు బాగా తగ్గిపోయిందండీ, ఎక్కువ తాగాలి" అన్నారు డాక్టరుగారు. నాకు నవ్వొచ్చింది. మీకు అదే గదిలో ఆయనే చెప్పారు కదా, "కిడ్నీలు నీటిని బయటికి పంపట్లేదండీ. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. పీల్చిన గాలి రక్తానికి అందదు. రోజుకింతని కొలుచుకునే తాగాలి" అని.

అప్పట్నుంచి గుళ్లో అందరి చేతుల్లోనూ తీర్థం పోస్తూనే, మీరు మాత్రం సంధ్యావందనంలో ఆచమనానికి మింగిన ఉద్ధరిణెడు నీళ్లు కూడా కాఫీలో తగ్గించుకునేవారు. "దేవుడి నీళ్లయినా ఒంటికి నీళ్లేనే" అనేవారు. మీ ఎదుట తాగలేక నేను వంటింటి తలుపు చాటున రెండు గుక్కలు మింగేదాన్ని.

ఇప్పటికీ అక్కడే తాగుతున్నానని ఇవాళ అమ్మాయి అడిగేదాకా నాకే తెలియదు.

"ఎవర్ని చూసి దాక్కుంటున్నావమ్మా?" అంది.

చెంబు తెచ్చుకుని, వసారాలో మీ కుర్చీ పక్కన కూర్చుని, కడుపునిండా తాగాను. తర్వాత చెంబు కడిగి, మళ్లీ నిండా నింపి అక్కడే పెట్టాను.

ఇప్పుడు మీకు కొలత లేదుగా.